తత్కాల్ దశరథ్

తత్కాల్ అన్న మాట తెలియని తెలుగువాడు ఉండడు. ఉన్నపళంగా ఊరికి వెళ్ళాలి, రైల్లో బెర్తులన్నీ ఎప్పుడో అయిపోయాయి. అప్పుడు ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే ఇంటిల్లిపాదీ తలా ఒక ఫోన్ పట్టుకుని కూర్చుని, బుకింగ్ తెరిచీ తెరవగానే మీదపడి లాక్కునే టికెట్టు అది. సంస్కృతంలో ఆ మాటకు ఏదో పెద్దమనిషి తరహా అర్థం ఉందంటారు. ఉంటే ఉండనివ్వండి. మనవాళ్ళకు తత్కాల్ అంటే పదిమంది కంటే ముందు మన చెయ్యి పడటం, అంతే.

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ దగ్గర ఈ మాట రైలు దిగి చాలా దూరమే నడిచింది. చలికాలంలో ఇడ్లీ పిండి ఎంతకీ పులవకపోతే ఒవెన్‌లో లైటు వేసి గిన్నె లోపల పెడతారు. పొద్దున అది పొంగితే తత్కాల్‌లో పులిసిందంటారు. నెల తిరక్కుండా పెళ్ళి కుదిరితే తత్కాల్ సంబంధం. మూసుకుంటున్న తలుపుల మధ్యలోంచి ఎస్-బాన్ లోకల్ రైల్లోకి దూకితే అదీ తత్కాలే. ఇక విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంట్ ఉంది చూశారూ, ఇక్కడ అందరూ టెర్మిన్ అంటారు, నెలల తరబడి దొరకని ఆ టెర్మిన్ వారంలో దొరికితే అది అసలు సిసలు తత్కాల్. ఈ చివరి వాడుకను పుట్టించి పెంచి పెద్దచేసినవాడు ఒక్కడే, మన దశరథ్.

దశరథ్‌ది జగిత్యాల. స్టుట్‌గార్ట్‌కు నాలుగు స్టేషన్ల అవతల ఒక చిన్న ఊళ్ళో ఉంటాడు. కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో బ్రేకుల సాఫ్ట్‌వేర్ రాస్తాడు. బ్రేకులతో బతికే మనిషికి సొంతానికి ఒక్క బ్రేకు కూడా లేకపోవడం ఆ దేవుడి వేళాకోళం. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితే కాలు టకటకలాడిస్తాడు. టీ చల్లారేదాకా ఆగలేక నోరు కాల్చుకుంటాడు. లిఫ్ట్ బటన్ ఒకసారి నొక్కితే చాలని తెలిసినా నాలుగుసార్లు నొక్కుతాడు. కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, కొడుకు ఆర్యన్ బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే పక్కన నిలబడి "జల్ది కానియ్ బేటా, జల్ది" అని ప్రాణం తీస్తాడు. ఆ నాలుగేళ్ళవాడు తలెత్తకుండానే "పాపా, వార్టె" అంటాడు. ఆగు నాన్నా అని. "వీనికి జర్మన్‌ల అన్నిటికన్న ముందు ఈ మాటే నేర్పిన్రు" అని దశరథ్ విసుక్కుంటాడు.

మనిషి పుట్టుకతో ఇలాంటివాడు కాదు. నమ్మండి. జీగెన్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు అతనంత నిదానస్తుడు ఇంకొకడు లేడని అప్పటి రూమ్మేట్లు ఇప్పటికీ చెబుతారు. కొండ మీద యూనివర్సిటీకి అందరూ బస్సు కోసం పరిగెత్తుతుంటే ఇతను చేతిలో అరటిపండుతో మెల్లగా నడిచి ఎక్కేవాడు. చదువు అయ్యీ కాకుండానే కార్ల్స్‌రూహెలో ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చింది. చదువు పర్మిట్‌ను ఉద్యోగం పర్మిట్‌గా మార్చమని దరఖాస్తు పెట్టి, "వస్తదిలే, యాడికి వోతది" అంటూ కూర్చున్నాడు. ఉత్తరం లేదు, ఫోన్ లేదు. చేరాల్సిన తేదీ వచ్చింది, పోయింది. కంపెనీవాళ్ళు మర్యాదగానే విచారం తెలియజేసి ఆ ఉద్యోగం వేరేవాళ్ళకిచ్చారు. పర్మిట్ కార్డు ఆ తరువాత వారంలో వచ్చింది.

ఆ రోజు ఆ కార్డును చేతిలో పట్టుకుని దశరథ్ ఏడ్చాడు. ఇల్లు ఖాళీ చేసి, ఒక స్నేహితుడి వంటింట్లో పరుపు వేసుకుని, మళ్ళీ ఉద్యోగం దొరికేదాకా పడిన అవమానం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఊరినుంచి అన్న ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్నానని అబద్ధం చెప్పేవాడు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు, జన్మలో ఇక దేనికోసమూ ఆగి చూసేది లేదని. ఆ ఒట్టును మాత్రం చక్కగా నిలబెట్టుకున్నాడు.

హేమమాలినితో పెళ్ళి కూడా తత్కాల్‌లోనే జరిగింది. ఆమెది కాకినాడ. అప్పటికే ఫ్రాంక్‌ఫర్ట్‌లో బ్లూ కార్డనే ఉద్యోగం పర్మిట్ మీద పనిచేస్తోంది. చూసిన రోజే తాంబూలాలు పుచ్చుకుందామని పట్టుబట్టిన ఆ జగిత్యాల మనిషిని చూసి ఆమె నవ్వుకుంది. అంత తొందరపడేవాడికి అబద్ధాలాడే తీరిక ఉండదని అనుకుందట. ఆ లెక్క కొంతవరకే నిజమని తరువాత తెలిసింది.

బ్లూ కార్డులు, స్టూడెంట్ వీసాలు వరదలా వచ్చిపడిన ఏళ్ళవి. ప్రతి విమానంలోనూ మనవాళ్ళే, ప్రతి సూట్‌కేసులోనూ ఆవకాయే. ఊళ్ళో విదేశీయుల ఆఫీసు మాత్రం అదే, కుర్చీలు అవే. టెర్మిన్లు ఇంటర్నెట్‌లో పొద్దున ఎనిమిదింటికి తెరుచుకునేవి, కాఫీ కలిపేలోపు అయిపోయేవి. దశరథ్ దానికొక విద్య కనిపెట్టాడు. కనిపెట్టాడనడం కూడా తప్పే, చిన్నప్పుడు జగిత్యాల బస్టాండులో నేర్చుకున్నదే. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసేస్తే ఆ సీటు మనది. ఎవరు కూర్చోవాలో ఎక్కాక చూసుకోవచ్చు. అలాగే ఇక్కడా అవసరం ఉన్నా లేకపోయినా రోజూ పొద్దున్నే దొరికిన టెర్మిన్ ఏదో ఒక పేరు మీద పట్టేసేవాడు. ఎవరైనా స్నేహితుడు "దశరథన్నా, జర తత్కాల్‌ల చేయించరాదే" అని ఫోన్ చేస్తే, ఇద్దరూ చెరో కంప్యూటర్ ముందు కూర్చునేవారు. ఒకటి, రెండు, మూడు అనగానే ఇతను రద్దుచేసేవాడు, అది వెబ్‌సైటులో కనపడగానే అతను పట్టుకునేవాడు. చేతినుంచి చేతికి అందించినట్టే జరిగిపోయేది.

మరి పట్టినవి ఏ పేర్ల మీద ఉండేవి? ఇక్కడే దశరథ్ బుర్రను మెచ్చుకోవాలి, లేదా నెత్తిన ఒక మొట్టికాయ వెయ్యాలి. బతికున్న చుట్టాల పేర్లు పెడితే వాళ్ళెప్పుడైనా నిజంగానే వీసా మీద వస్తే చిక్కొస్తుంది. నోటికొచ్చిన పేర్లు పెడితే తరువాత గుర్తుండవు. అందుకని చనిపోయినవాళ్ళ పేర్లు పెట్టాడు. వాళ్ళు మరచిపోయే మనుషులూ కారు, జర్మనీ వచ్చేవాళ్ళూ కారు. తాత లింగయ్య, పెదనాన్న, మేనత్త, బడిలో లెక్కలు చెప్పిన సారు, ఇలా పోయినవాళ్ళందరూ వరసగా ఆ ఆఫీసులో టెర్మిన్లు పుచ్చుకున్నారు. ఈ సంగతి హేమకు చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు కనుకే చెప్పలేదు.

ఒకసారి ఆఫీసులో పక్కసీటు యూర్గెన్ ఈ తత్కాల్ అంటే ఏమిటని అడిగాడు. దశరథ్ ఉత్సాహంగా రైలు సంగతంతా చెప్పాడు. యూర్గెన్ శ్రద్ధగా విని, "అయితే ఆ టికెట్టు కొన్నవాళ్ళ కోసం రైలు వేగంగా వెళుతుందా?" అన్నాడు.

"లేదు, బండి అదే, వేగమూ అదే. సీటు మనకు దొరుకుతుంది."

"మరి లేకపోతే ఆ సీటు ఎవరిది?"

దశరథ్‌కు ఇది శుద్ధ జర్మన్ ప్రశ్న అనిపించింది. "ఎవరో ఒకరిది" అని నవ్వేసి మెయిళ్ళలో పడిపోయాడు.

ఆ వేసవిలో స్నిగ్ధ వచ్చింది. హేమ పిన్ని కూతురు. తను కూడా జీగెన్‌లోనే చదివింది. నెమ్మదైన పిల్ల, మాట్లాడే ముందు ఒకసారి ఊపిరి తీసుకుంటుంది. అక్కవాళ్ళ ఊళ్ళోనే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది, నవంబరు మొదటి తేదీన చేరాలి. చదువు పర్మిట్ మీద ఆ ఉద్యోగం మొదలుపెట్టడానికి వీల్లేదు, బ్లూ కార్డుకు మారాలి. సరిగ్గా దశరథ్ కథే, ఏళ్ళ తేడాతో.

ఆగస్టులోనే స్నిగ్ధ కాగితాలన్నీ కవరులో పెట్టుకుని, విదేశీయుల ఆఫీసు గోడకున్న పోస్టుడబ్బాలో వేసి వస్తానని బయల్దేరింది. అలా వేసినా చూస్తారని, రెండు నెలల్లో జవాబొస్తుందని జీగెన్‌లో సీనియర్లు చెప్పారట. దశరథ్ గుమ్మంలోనే ఆపేశాడు.

"అండ్ల ఎయ్యకు. అది ప్యాసింజర్ బండి, ప్రతి స్టేషన్ల ఆగుతది. నేను గట్లనే ఏసి కార్ల్స్‌రూహె ఉద్యోగం పోగొట్టుకున్న. నీకు నేను తత్కాల్‌ల చేయిస్త."

"రెండూ చేద్దామా బావగారూ? ఇది వేసేసి, అదీ చూద్దాం."

"రెండు చోట్ల పెడితే ఫైలు గందరగోళమైతది. నామీద భారం వెయ్యి, నువ్వు నిమ్మలంగ ఉండు."

స్నిగ్ధ హేమ వైపు చూసింది. హేమ, "మీ బావగారు ఇలాంటివాటిలో ఘటికుడేలే" అంది. పిల్ల కవరు తీసుకెళ్ళి అలమరలో పెట్టేసింది. దశరథ్‌కు ఆ క్షణంలో ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. తన కాళ్ళు విరిగిన గుంటలో ఇంకొకరు పడకుండా అడ్డం నిలబడ్డాననుకున్నాడు.

సెప్టెంబరులో పని మొదలుపెట్టాడు. అతని నిల్వలో స్నిగ్ధకు పనికొచ్చే తేదీలు మూడున్నాయి. మొదటిది పెదనాన్నది. బావ ఒక ల్యాప్‌టాప్ ముందు, మరదలు ఒక ల్యాప్‌టాప్ ముందు. ఒకటి, రెండు, మూడు. రద్దుచేశాడు. స్నిగ్ధ తెరమీద ఏమీ రాలేదు. మళ్ళీ మళ్ళీ చూసింది, రాలేదు. మధ్యాహ్నం ఎప్పుడో మెరిసి ఎవరి చేతిలోనో పడింది. ఆఫీసువాళ్ళు పద్ధతి మార్చారు. రద్దయినవి వెంటనే కనపడవు, ఎప్పుడో ఒకప్పుడు వదులుతారు. ఈ రుమాళ్ళ సంగతి వాళ్ళూ పసిగట్టారన్నమాట. మేనత్తదీ అలాగే పోయింది. రోజూ ఎనిమిదింటికి దశరథ్ కొత్తవాటి మీద పడ్డాడు, క్రిస్మస్ దాకా ఏ తేదీకీ ఒక్కటీ ఖాళీ లేదు. ఫోన్ చార్జరులోంచి తియ్యడం మానేశాడు. మీటింగుల్లో బల్లకింద చూసుకుంటున్నాడు. స్నానాల గదిలోకి కూడా ఫోన్ తీసుకెళుతున్నాడు. అన్నంలో చెయ్యిపెట్టి కలపడం మరచిపోయి వేళ్ళతో కంచం మీద తాళం వేస్తున్నాడు. స్నిగ్ధ ఏమీ అనదు, అదే అతన్ని మరీ కలవరపెట్టింది. ఏమైనా అంటే జవాబు చెప్పేవాడు.

"పోనీ ఇప్పుడైనా ఆ డబ్బాలో వేసొస్తుందా?" అంది హేమ ఒక సాయంత్రం.

"ఇప్పుడేస్తే నవంబర్ దాటుతది. ఇంకొకటున్నది నాదగ్గర. మనోళ్ళ పేరు మీదనే ఉన్నది. రద్దు చెయ్య. ఆ రోజు అందరం వోదాం, నేను మాట్లాడ్త."

"ఎవరి పేరు మీద?"

"మనోళ్ళేనంటిగా!" అని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

అతని పథకం ఇది. మన బెర్తు మీద మనవాళ్ళు ఎవరెక్కినా టీసీ సర్దుకుపోడా? అలాగే, పేరున్న మనిషికి ఒంట్లో బాగాలేదు, బదులుగా ఇంటిమనిషే వచ్చింది, కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, దయచేసి చూడండి అని మంచి జర్మన్‌లో అడుగుతాడు. నాలుగు వాక్యాలు రాసుకుని బట్టీపట్టాడు. మాట సాయానికి ఇద్దరు ఆడవాళ్ళు పక్కనుంటే ఇంకా మంచిదనుకున్నాడు. ఇంత చదువుకున్నవాడికి ఇంత అమాయకత్వం ఎక్కణ్ణించి వచ్చిందో! భయం పట్టుకున్న మనిషికి ఎంత పిచ్చి ఆలోచనైనా దారిలాగే కనపడుతుంది మరి.

ఆ రోజు ఆఫీసు గుమ్మం దగ్గర కాపలా మనిషి టెర్మిన్ కాగితాలు చూసి లోపలికి వదులుతున్నాడు. వీళ్ళ ముందు ఒకావిడ, కోటు కింద ఆస్పత్రి నర్సు యూనిఫారం, టెర్మిన్ లేదు, ఒక్క ప్రశ్న అడిగి వెళతానని బతిమాలుతోంది. టెర్మిన్ లేనిదే కుదరదని అతను నిదానంగానే చెబుతున్నాడు. ఆవిడ పక్కకు జరిగి కళ్ళు తుడుచుకుంది. దశరథ్ ఫోన్లో కాగితం చూపించాడు. ముగ్గురూ లోపలికి వెళ్ళారు. స్నిగ్ధ మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

పొడుగాటి వరండా, గోడవారగా కుర్చీలు. సగం కుర్చీలు ఖాళీ. ఎక్కడా దొరకని టెర్మిన్ల ఆఫీసులో ఇన్ని ఖాళీ కుర్చీలేమిటని హేమ ఆశ్చర్యపోయింది. దశరథ్ విననట్టు కాలు ఊపుతూ కూర్చున్నాడు. స్నిగ్ధ ఫైలు కూడా అతని ఒళ్ళోనే ఉంది.

తలుపు తెరుచుకుంది. కళ్ళద్దాలు మెడలో వేలాడేసుకున్న ఒక అధికారిణి బయటికొచ్చి చేతిలో కాగితం చూసి, పేరుకు ముందు జర్మన్ మర్యాద మాట తగిలించి పిలిచింది.

"హెర్ లింగయ్యా?"

దశరథ్ కాలు ఊపడం ఆపేశాడు. తాత పేరు మీద పట్టిన టెర్మిన్ ఎవరో స్నేహితుడికోసం. అతనికి అవసరం తీరిపోయి చాన్నాళ్ళయింది. రద్దు చెయ్యాలనుకుని మరిచిపోయాడు. అది కూడా ఈ పొద్దుటికేనని అతనికి గుర్తే లేదు.

"హెర్ లింగయ్యా!" ఆవిడ ఇటు చూసింది, అటు చూసింది. ఎవరూ లేవలేదు. తలుపు మూసుకుంది.

హేమ మెల్లగా ఇటు తిరిగింది. "మీ తాతగారి పేరు కదండీ?"

"ఆ పేరు మస్తుమందికుంటది" అన్నాడు దశరథ్. లేచి నీళ్ళ కోసం వెతికాడు, దొరక్క మళ్ళీ కూర్చున్నాడు. చేతులు పిసుక్కున్నాడు. వెళ్ళిపోదామా అనుకున్నాడు. వెళ్ళిపోతే స్నిగ్ధ సంగతేమిటి? బట్టీపట్టిన నాలుగు వాక్యాల్లో మూడోది గుర్తుకు రావడం లేదు.

మళ్ళీ తలుపు తెరుచుకుంది. ఈసారి ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగా కూడబలుక్కుంటూ పిలిచింది.

"ఫ్రౌ మాంగా... తాయారూ?"

మంగతాయారు హేమకూ స్నిగ్ధకూ అమ్మమ్మ. తల్లులు ఉద్యోగాలకు వెళితే ఇద్దరినీ చెరో పక్కన పడుకోబెట్టుకుని పెంచిన మనిషి. కాకినాడలో ఆవిడ పోయినప్పుడు హేమ ఇక్కడే ఉంది. చివరిచూపు ఫోన్లోనే అయింది. ఆ పేరును ఎవరైనా పైకి పిలవగా విని ఎన్నో ఏళ్ళయింది.

ఆ జర్మన్ వరండాలో, ఆ తెల్లగోడల మధ్య ఆ పేరు వినపడగానే హేమ లేచి నిలబడింది. నిలబడినట్టు ఆమెకే తెలియదు. పక్కన స్నిగ్ధా లేచింది.

అధికారిణి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీలో ఫ్రౌ మంగతాయారు ఎవరు?" అంది.

దశరథ్ ఒక్క ఉదుటున ముందుకొచ్చి మొదటి వాక్యం అందుకున్నాడు. "ఆమెకు ఇవాళ ఒంట్లో బాగాలేదు, అందువల్ల..."

"ఆవిడ చనిపోయింది" అంది హేమ జర్మన్‌లో. "మా అమ్మమ్మ. చాలా ఏళ్ళయింది చనిపోయి."

అధికారిణి కాగితం వైపు, దశరథ్ వైపు చూసింది. కోపగించుకుంటుందనుకున్నాడు. కోపగించుకుంటే బాగుండేది. ఆవిడ అలసిపోయినట్టు, "టెర్మిన్ ఎవరి పేరు మీదుందో వాళ్ళకే. ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. పొద్దున్నుంచీ ఇది రెండో ఖాళీ. ఇలాంటి ఖాళీల్లోనే నేను పోస్టుడబ్బాలో వచ్చిన దరఖాస్తులు చూస్తాను. ఈ మధ్య ఖాళీలు ఎక్కువ కనుక అవి త్వరగా అవుతున్నాయి. ఆగస్టులో వచ్చినవన్నీ అయిపోయాయి. ఈ అమ్మాయి కాగితాలు కింద డబ్బాలో వెయ్యండి" అని చెప్పి తలుపు వేసుకుంది.

ఆగస్టులో వచ్చినవన్నీ అయిపోయాయి. దశరథ్ చెవుల్లో అదొక్కటే మోగుతోంది. తను పుట్టించిన ఖాళీలే ప్యాసింజర్ బండిని ముందుకు తోశాయి. అందులో ఎక్కబోయిన పిల్లను గుమ్మంలో ఆపి దించింది తనే. కార్ల్స్‌రూహె కార్డు చేతిలో పట్టుకుని ఏడ్చిన ఆ రోజును ఎత్తుకొచ్చి స్నిగ్ధ నెత్తిన పెట్టింది తనే. అతనికి ఆ వరండా నేలలోకి దిగిపోవాలనిపించింది.

స్నిగ్ధ ఊపిరి తీసుకుని చెయ్యి చాచింది. "ఫైలు ఇవ్వండి బావగారూ."

ఇచ్చాడు. ఆమె మెట్లు దిగి, గోడకున్న డబ్బా మూత ఎత్తి, కవరు లోపలికి జారవిడిచింది. "ఆగస్టులో ఇక్కడే వేద్దామనుకున్నాను" అంది. ఎత్తిపొడుపులా కాదు, మామూలుగానే అంది. ఆ వెంటనే కంపెనీకి ఫోన్ చేస్తూ అవతలికి నడిచింది. కాపలా మనిషి పక్కన నర్సు ఇంకా నిలబడే ఉంది. ఆవిడ ముందునుంచి తలెత్తి వెళ్ళడానికి దశరథ్‌కు ముఖం చెల్లలేదు.

ట్రెయిన్ స్టేషన్ బెంచీ మీద హేమ అతని పక్కనే కూర్చుంది. తరువాత, "ఇంకా ఎంతమంది ఉన్నారు?" అంది.

దశరథ్ ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు. హేమ ఒక్కొక్క పేరే పైకి చదివింది. అతని చిన్నమ్మ, లెక్కల సారు, హేమ పెదతాత గంగాధరరావుగారు, ఇంకో తేదీకి మళ్ళీ మంగతాయారు. చదివి ఫోన్ అతని ముందు పెట్టడం, అతను రద్దు నొక్కడం. ఒక బండి వచ్చి వెళ్ళింది, ఇంకొకటీ వచ్చి వెళ్ళింది. దశరథ్ తన జీవితంలో ఎక్కకుండా వదిలేసిన బండ్లు అవేనేమో.

"మహాలయ పక్షాలు నడుస్తున్నాయండీ" అంది హేమ. "మీవైపు పెత్రమాస అంటారుగా. ఈ రోజుల్లో ఎవరైనా పెద్దలకి అన్నం పెడతారు. మీరు లైన్లో నిలబెట్టారు."

ఆమె కళ్ళు ఒత్తుకుని, "అమ్మమ్మ సామర్లకోట దాటి ఎరగదు. ఇక్కడిదాకా లాక్కొచ్చారు. పైగా ఒంట్లో బాగాలేదంటారా!" అని, ఏడుస్తూ ఏడుస్తూనే ఒక్కసారి నవ్వేసింది. ఆ నవ్వు అతనికి తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

కంపెనీవాళ్ళు నవంబరు చివరిదాకా ఆగారు, స్నిగ్ధ కార్డు రాలేదు. తరువాత మర్యాదగా విచారం తెలియజేశారు, అచ్చం కార్ల్స్‌రూహెవాళ్ళలాగే. స్నిగ్ధ ఆ మెయిలు చదువుకుని ఫోన్ బోర్లా పెట్టి, ఆర్యన్‌ను స్నానానికి తీసుకెళ్ళింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు చాలాసేపు ఆగలేదు. బయట దశరథ్ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. తలుపు కొట్టడానికి చెయ్యెత్తి దించేశాడు. ఆ రాత్రి "నన్ను మాఫ్ చెయ్యి స్నిగ్ధా" అన్నాడు. "సరే బావగారూ" అంది. ఆ సరేలో ఎంతవరకు సరేనో అతనికి అర్థం కాలేదు.

జనవరిలో ఆమెకు ఇంకో ఉద్యోగం వచ్చింది, కార్ల్స్‌రూహెలో. ఆ ఊరి పేరు వినగానే దశరథ్ చెంచా కంచంలో పెట్టేశాడు. అది కొత్త ఊరు, కొత్త ఆఫీసు, మళ్ళీ కాగితాలు, మళ్ళీ చేరే తేదీ. స్నిగ్ధ సూట్‌కేసు సర్దుకుని వెళ్ళింది. స్టేషన్‌లో అక్కను కౌగిలించుకుంది, ఆర్యన్‌కు ముద్దుపెట్టింది, బావగారికి నమస్కారం పెట్టింది.

స్నేహితుల ఫోన్లు మాత్రం ఆగలేదు. "అన్నా, తత్కాల్‌ల జేపియ్యవా" అని ఎవరో ఒకరు. "డబ్బాల వెయ్యి తమ్మీ, ఇయ్యాల్నే వెయ్యి" అంటాడు. వాళ్ళు నమ్మరు, తమకు చేసిపెట్టడం అతనికి ఇష్టం లేదనుకుంటారు. మాట ఒకసారి మనిషికి అంటుకున్నాక ఊడిరావడం అంత తేలిక కాదు. ఇప్పటికీ ఊళ్ళో అతను తత్కాల్ దశరథే.

ఒక పొద్దున ఎనిమిదవుతుండగా అతని వేళ్ళు పాత అలవాటు చొప్పున కార్ల్స్‌రూహె టెర్మిన్ల పేజీ తెరిచాయి. చూస్తే ఒకటి ఖాళీగా కనపడుతోంది. స్నిగ్ధకు సరిపోయే తేదీ. నొక్కితే చాలు. ఈసారి స్నిగ్ధ పేరు మీదే, నిజం పేరు మీదే పట్టవచ్చు. అప్పుడే ఫోన్ మీద ఆమె మెసేజ్ వచ్చింది.

"కాగితాలు పోస్టులో వేసేశాను బావగారూ. మీరు మాత్రం ఏమీ చెయ్యకండి."

దశరథ్ ఫోన్ బల్లమీద పెట్టాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. కాళ్ళు వాటంతట అవే ఊగుతున్నాయి. గడపలో ఆర్యన్ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, నాన్న ఇంకా జల్ది అనలేదేమిటని తలెత్తి చూశాడు. తెరమీద ఆ ఖాళీ కాసేపు అలాగే ఉండి, ఎవరికో దొరికి, మాయమైంది.